తాలుకాయ ఎక్కడ పుట్టింది

మాఘం వచ్చేసరికి మా వైపు చేలగట్ల పక్కన నేలంతా ఎర్రబారుతుంది. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో పుట్టినవాళ్లకు మిరప కల్లాలు కొత్తేమీ కాదు. కోసిన కాయ రెండు వారాలపాటు ఎండాలి. పొద్దెక్కాక పలచగా పరచాలి, మధ్యాహ్నం తిరగేయాలి, మంచు పడే వేళకి కుప్ప చేసి పట్టా కప్పాలి. ఎండాక తాలు ఏరాలి. తాలు అంటే రంగుపోయి తెల్లబారిన కాయ. టిక్కీ అంటే మిర్చి బస్తా. అందులో నాలుగు తాలుకాయలు కనబడితే మిర్చి యార్డులో ధర పడిపోతుంది కాబట్టి ఆ ఏరుడు దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్లం.

మా అమ్మ తాలునంతా ఒకే గంపలో వేయనిచ్చేది కాదు. కల్లం తూర్పు పక్క ఏరినవి ఒక కుప్ప, పడమటి పక్కవి ఒక కుప్ప, నడిమివి మరో కుప్ప. సాయంత్రం ఆ కుప్పల చుట్టూ ఒకసారి తిరిగి, “ఈ మూలనే ఎందుకింత వచ్చింది?” అనేది. ఎవరినీ అడిగినట్టు ఉండేది కాదు, నేలనే అడిగినట్టు ఉండేది. నాన్న మాత్రం కూలీల మీద విసుక్కునేవాడు, సరిగా ఏరడం లేదని. “వాళ్లు ఏరేది పుట్టినదాన్నేగా! పుట్టకుండా చూడు మరి” అని అమ్మ ఒకసారి గట్టిగానే అంది. ఆ మూల బెత్తెడు పల్లంగా ఉందనీ, పట్టా మీద పడ్డ మంచు జారి అటే చేరుతోందనీ ఆమె రెండు రోజుల్లో కనిపెట్టింది. మరుసటేడు ఆ మూలకి రెండు బండ్ల మట్టి తోలించాక కల్లం పరిచాం.

నాకు అప్పుడు పదకొండేళ్లు. నేను తర్వాత ముప్పయ్యేళ్లపాటు చేసిన ఉద్యోగం ఆ మూడు కుప్పల్లో ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

చిలకలూరిపేట, గణపవరం, ఎడ్లపాడు మీదుగా హైవే వెంట వెళితే రెండు పక్కలా స్పిన్నింగు మిల్లులు కనబడతాయి. 1990ల మొదట్లో వాటిలో ఒకదాంట్లో నాణ్యత విభాగంలో ట్రైనీగా చేరాను. క్వాలిటీ అంటే మా ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. “నూలు బాగుందో లేదో చూసే పని” అని చెబితే, “చూసేదానికి కూడా జీతమిస్తారా” అని మా పెదనాన్న ఆశ్చర్యపోయాడు. నిజానికి ఆయన అడిగింది మంచి ప్రశ్న. చూడడానికి జీతం ఎందుకివ్వాలో నాకే అప్పటికి తెలియదు.

పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి ఒక్కో రింగ్‌ఫ్రేము నుంచి కండెలు తెచ్చేవాణ్ణి. ఒక్కో కండె నుంచి 120 గజాల నూలు చుట్టి, తూచి, కౌంటు లెక్కకట్టేవాణ్ణి. 840 గజాల చిలపలు ఒక పౌనుకి ఎన్ని తూగితే అంత కౌంటు. నలభయ్యో నంబరు నూలంటే కిలోకి దాదాపు 68 కిలోమీటర్ల పొడవు. గుంటూరు నుంచి విజయవాడ పోయి తిరిగి వచ్చేంత దూరం ఒక్క కిలో నూలులో చుట్టి ఉంటుంది. ఆ దారి పొడవునా పోగు ఎక్కడా సన్నబడకూడదు, లావెక్కకూడదు, పీచు ముడిపడి ఉండలు కట్టకూడదు. దాన్ని కొలిచే యంత్రం పోగును రెండు పలకల మధ్య నుంచి లాగుతూ ప్రతి ఎగుడుదిగుడునీ లెక్కపెడుతుంది. తర్వాత బలం చూడాలి, పురి చూడాలి. సాయంత్రానికి పుస్తకం నిండా అంకెలు. అవి మేనేజరుగారి బల్ల మీద పెడితే నా పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి.

చేరిన రెండో వేసవిలో జరిగినదాన్ని చెప్పకుండా ఈ ఉద్యోగం గురించి ఏం చెప్పినా అబద్ధమవుతుంది.

రింగ్‌ఫ్రేముల దగ్గర పోగులు తెగుతుంటాయి. వాటిని నడుస్తూ అతికేవాళ్లను సైడర్లు అంటారు. ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. ఎవరి ఫ్రేముల మీద ఎన్ని తెగాయో లెక్కవేసి, రోజూ సైడర్ల పేర్లతో పట్టీ రాసి గోడకి అంటించడం నా పని. ఎక్కువ తెగిన పేరు ఎర్రసిరాతో రాయాలి. ఆ మే నెలలో వడగాడ్పులు మొదలయ్యాక ఒకే అమ్మాయి పేరు వరసగా నాలుగు రోజులు ఎర్రసిరాలో పడింది. మేస్త్రీ అందరిముందూ తిట్టాడు. కూలి కోశారు. అయిదో రోజు ఆ ఫ్రేములకి వేరే అమ్మాయిని మార్చారు. ఆమె పేరూ ఎర్రసిరాలోనే పడింది. అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. చేతిలో తేమ కొలిచే తడి, పొడి థర్మామీటరు పట్టుకుని షెడ్డంతా తిరిగాను. పత్తి నూలు వడికేచోట గాలిలో తేమ 55 నుంచి 60 శాతం దాకా ఉండాలి. ఆ ఫ్రేములున్న మూల పడమటి గోడ పక్కన ఉంది. తేమగాలి పంపే డక్టు అక్కడికి చేరేసరికి దూది పేరుకుని సగం మూసుకుపోయింది. ఆ మూల తేమ 40 దాటడం లేదు. పొడి గాలిలో పీచు పెళుసెక్కి పోగు తెగక ఏం చేస్తుంది?

డక్టు శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. ఆ మొదటి అమ్మాయి అప్పటికే పని మానేసింది. ఎక్కడికి వెళ్లిందో కనుక్కుని ఆమెకి ఒక మాట చెప్పాలని ఉండేది. చెప్పలేకపోయాను. ఎర్రసిరాతో ఆమె పేరు రాసింది నా చేయి.

మా అమ్మ కుప్పలు పెట్టింది కల్లం మూలల వారీగా. నేను పట్టీ రాసింది మనుషుల పేర్ల వారీగా. తేడా అంతా అక్కడే ఉంది. ఎవరి వల్ల జరిగిందని అడిగితే ఒక పేరు దొరుకుతుంది, అక్కడితో వెతకడం ఆగిపోతుంది. ఎక్కడ పుట్టిందని అడిగితే కాళ్లు కదులుతాయి, షెడ్డు మూలకీ, డక్టు లోపలికీ పోతాయి.

ఈ సంగతిని నాకన్నా చాలా ముందే కొందరు లెక్కల్లో కట్టి పెట్టారని తర్వాత చదువుకున్నాను. అమెరికాలో టెలిఫోను పరికరాలు చేసే ఫ్యాక్టరీ కోసం 1924లో వాల్టర్ షూహార్ట్ ఒక్క పేజీ కాగితం మీద ఒక గీతల పటం గీశాడు. నడుమ ఒక గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. హద్దుల మధ్య అంకెలు ఊగితే అది ఆ పద్ధతిలోనే ఉన్న ఊగిసలాట. దానికి ఏ ఒక్కరినీ పట్టుకుని ప్రయోజనం లేదు, పద్ధతినే మార్చాలి. హద్దు దాటితే ఏదో ప్రత్యేకంగా జరిగింది, వెంటనే వెళ్లి వెతకాలి. ఆయన్ని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ కలకత్తాకి పిలిపిస్తే 1947-48 శీతాకాలంలో వచ్చి మన ఫ్యాక్టరీలు తిరిగి చూశాడు. స్వాతంత్ర్యం వచ్చిన మొదటి నెలల్లోనే ఈ విద్య మన గడప తొక్కింది.

షూహార్ట్ దారిలో నడిచిన అమెరికన్ నిపుణుడు డెమింగ్ తన తరగతుల్లో ఒక ఆట ఆడించేవాడు. ఒక పెట్టెలో 3200 తెల్లపూసలు, 800 ఎర్రపూసలు. 50 గుంటలున్న పలక ముంచి తీయాలి. తెల్లపూసలే రావాలని పనివాళ్లకి ఆజ్ఞ. ఎంత జాగ్రత్తగా ముంచినా ఒకరికి ఆరు ఎర్రపూసలు వస్తాయి, ఇంకొకరికి పద్నాలుగు. తక్కువ వచ్చినవాణ్ణి మెచ్చుకోవడం, ఎక్కువ వచ్చినవాణ్ణి మందలించడం, చివరికి ఉద్యోగంలోంచి తీసేయడం, అన్నీ ఆటలో ఉంటాయి. పెట్టెలో ఎర్రపూసలు కలిపింది మాత్రం యజమాని. ఆ వర్ణన మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పెట్టె నేను చూశాను. దాని పక్కన నిలబడి పేర్లు రాశాను.

తప్పు పుట్టినచోటే ఆగడం నేర్పింది మాత్రం ఒక మగ్గం. జపాన్‌లో సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు ఇంట్లో తల్లి మగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగాడు. పోగు తెగితే తనంతట తనే ఆగిపోయే మగ్గాన్ని చేశాడు. 1924లో వచ్చిన ఆయన ఆటోమేటిక్ మగ్గం పేటెంటు ఇంగ్లండు కంపెనీకి అమ్మారు. ఆయన కొడుకు కీచిరో కార్ల తయారీలోకి దిగాడు. టొయోటా కారు తయారీలో ఇవాళ్టికీ ఒక మూలసూత్రం ఆ మగ్గానిదే, తప్పు కనబడ్డచోటే పని ఆగాలి, అక్కడే కారణం వెతకాలి. ప్రపంచమంతా పాఠంగా చదివే నాణ్యత విద్యకి ఒక పుట్టిల్లు నేతగది. పత్తి పండించే మనకి, చీరాల మగ్గాల చప్పుడు విన్న మనకి అది పరాయి విద్య ఎలా అవుతుంది?

ఇంకో సంగతి నన్ను అంతకన్నా ఎక్కువ కదిలిస్తుంది. ఇప్పటి కర్ణాటకలోని హువినహడగళిలో 1920లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్న తెలుగు కుర్రాడు కల్యంపూడి రాధాకృష్ణారావు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, యుద్ధకాలపు ఉద్యోగమేదైనా దొరుకుతుందేమోనని కలకత్తా వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ బస చేసినచోట ఎవరో చెబితే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరాడు. ఆరేళ్ల తర్వాత 1947లో ఆయన రాసిన పత్రంలో ఆర్థోగొనల్ ఎరేలు అనే పట్టికలున్నాయి. 1954-55లో అదే సంస్థకి జపాన్ ఇంజనీరు గెనిచి టగూచి వచ్చాడు. ఆ పట్టికలు టగూచి చేతిలో జపాన్ ఫ్యాక్టరీల పనిముట్లయ్యాయి.

ఆ పట్టిక చేసే మేలు నేను కళ్లారా చూశాను. మా మిల్లులో ఒక కౌంటులో సన్నబడ్డ చోట్లు ఎక్కువ వస్తున్నాయి. కారణం స్పిండిలు వేగమా, పురా, ట్రావెలర్ బరువా, రోలర్ల మీద ఒత్తిడా? నాలుగింటినీ మూడేసి స్థాయిల్లో మార్చి చూడాలంటే 81 రకాలుగా నడపాలి. అన్ని రోజులు ఏ యజమానీ ఫ్రేము అప్పగించడు. పట్టిక ప్రకారం ఎంచుకుంటే 9 చాలు. ఒకదాని ప్రభావం మరొకదానితో మరీ పెనవేసుకుపోకపోతే ఆ తొమ్మిదిలోనే నాలుగింటి గుణమూ విడివిడిగా తేలుతుంది. తొమ్మిది షిఫ్టులు ఒకే ఫ్రేము దగ్గర నిలబడ్డాను. తేలింది ట్రావెలర్, ఒత్తిడి. అప్పటిదాకా అందరం తిట్టుకుంటున్నది వేగాన్ని. ఆ రోజు ల్యాబ్‌లో కూర్చుని, నందిగామలో చదివిన కుర్రాడి పట్టిక జపాన్ చుట్టి పుస్తకాల్లోంచి తిరిగి ఎడ్లపాడు పక్కకి వచ్చిందని తలుచుకుంటే ఒళ్లు పులకరించింది. రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ వార్త రోజున ఆయన గణితాన్ని అందరూ గుర్తు చేసుకున్నారు. ఆ గణితం నూలు మిల్లు నేల మీద కూడా నడిచిందని చెప్పాలనిపించింది నాకు.

అన్నిటికంటే నాకు బాగా నేర్పించిన దెబ్బ వేరే ఉంది.

దూరదేశం వెళ్లిన మా నూలుతో నేసి, ముదురు నీలం అద్దిన బట్టలో తెల్లటి గీతలు పడ్డాయని కొనుగోలుదారు నమూనా పంపాడు. సన్నటి గీతలు, అంగుళమో రెండంగుళాలో. మైక్రోస్కోపు కింద పెడితే అది పత్తిపీచు కాదు, పాలీప్రొపిలీన్. దానికి రంగు అంటదు. నూలుగా ఉన్నప్పుడు తెల్లదనంలో కలిసిపోయి కనబడదు, అద్దకం అయ్యాక బయటపడుతుంది. అప్పటికి బట్ట తయారైపోయింది, నష్టం కట్టాల్సింది మేము. మీటింగులో మళ్లీ అదే ప్రశ్న, ఎవరు చూడలేదు? బేళ్లు విప్పేచోట దూదిలో చెత్త ఏరే ఆడవాళ్ల మీదికి వేళ్లన్నీ తిరిగాయి. ఈసారి నేను పేరు రాయలేదు. వారం రోజులు గడువు అడిగాను.

కోను నుంచి వెనక్కి నడిచాను. కండె, ఏకు, కార్డింగు, బ్లోరూము, బేలు. బేలు మీది నంబరు పట్టుకుని జిన్నింగ్ మిల్లుకి వెళ్లాను. అక్కడ 170 కిలోల బేలు కట్టే ముందు పత్తి నేల మీద పోసి ఉంది, దానిలో తెల్లటి ప్లాస్టిక్ పీలికలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. లారీలు ఏ ఊళ్ల నుంచి వచ్చాయో పుస్తకం చూశాం. నాలుగు ఊళ్లు. వాటిలో ఒకటి మా ఊరు.

చేలో పత్తి తీస్తున్నారు. నడుముకి యూరియా గోతాం కట్టుకుని, తీసిన పత్తి అందులో వేస్తున్నారు. నిండాక మరో పెద్ద గోతాంలో కుక్కుతున్నారు. ఎండకి చీకిపోయిన గోతాం అంచు నుంచి పోగులు ఊడి పత్తిలో కలుస్తున్నాయి. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ అట్లాంటి గోతామే కట్టుకుని పత్తి తీశాను. తప్పుని వెతుక్కుంటూ మెట్టు మెట్టూ వెనక్కి దిగితే చివరి మెట్టు మా చేలో ఉంది.

అప్పుడు మా నాన్నని అడిగాను, గుడ్డసంచులు వాడొచ్చు కదా అని. ఆయన జవాబు నాకు ఇప్పటికీ వినబడుతుంది. “గుడ్డసంచికి డబ్బెవరిస్తారురా? గుడ్డసంచిలో తెచ్చినా, గోతాంలో తెచ్చినా నా పత్తికి అక్కడ ఒకటే ధర.”

నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ లేని మెట్టు అది. తప్పు గోతాంలో పుట్టింది, గోతాం ధరలో పుట్టింది. శుభ్రమైన పత్తికి పైసా ఎక్కువ రాని చోట శుభ్రం గురించి రైతుకి ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు. 2000లో కేంద్రం మొదలుపెట్టిన టెక్నాలజీ మిషన్ కింద జిన్నింగ్ మిల్లులూ మార్కెట్ యార్డులూ బాగుపడ్డాయి, ఆ మార్పు నా కళ్లముందే జరిగింది. సిమెంటు నేలలు వచ్చాయి, పత్తిని మోసే యంత్రాలు వచ్చాయి. భారతీయ పత్తికి కస్తూరి అని 2020లో పేరు కూడా పెట్టారు. ఇవన్నీ మంచి పనులే. అయినా నాణ్యతకి వచ్చే లాభంలో ఒక వంతు చేలో నడుముకి సంచి కట్టుకున్న మనిషి దాకా వెనక్కి నడవాలి. మా మిల్లు యజమానితో పోరాడి రెండు ఊళ్లకి గుడ్డసంచులు ఇప్పించాను, ఆ పత్తికి క్వింటాలు మీద కాస్త ఎక్కువ ఇచ్చేటట్టు ఒప్పించాను. అది రెండు సీజన్లే సాగింది. మూడో ఏడు పత్తి ధర పడిపోయింది, ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఆ రెండు సీజన్లలో ఆ ఊళ్ల బేళ్లలో ఏరిన ప్లాస్టిక్ పీలికల లెక్క నా పుస్తకంలో ఇంకా ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

మిరపదీ ఇదే కథ, కాకపోతే అక్కడ తప్పు మనిషి ఒంట్లోకి పోతుంది. ఎండటం ఆలస్యమైన కాయలో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. పొడి కొట్టినా అది పోదు, వేయించినా పూర్తిగా పోదు. ఐరోపా దేశాలు మిరపలో దాని బి1 రకానికి పెట్టిన హద్దు కిలోకి 5 మైక్రోగ్రాములు, అంటే వంద కోట్ల వంతుల్లో 5 వంతులు. 2003లో మన దేశపు కారంలో తిండిలో కలపకూడని సుడాన్ రంగు దొరికిందని ఫ్రాన్స్ గగ్గోలు పెట్టాక, ఎగుమతయ్యే మిరపకి స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరైంది. 2005లో బ్రిటన్‌లో అదే రంగున్న కారం ఒక సాసులో కలిసి, ఆ సాసు మరెన్నో వంటకాల్లో కలిసి, 400కి పైగా సరుకుల్ని దుకాణాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. గుంటూరులో ఇవాళ స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, ప్రైవేటు ల్యాబ్‌లు ఉన్నాయి, ఎడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు ఉంది. వాటిలో తెల్లకోటు వేసుకుని పనిచేసే పిల్లల్లో మన పల్లెల వాళ్లు చాలామంది.

అఫ్లాటాక్సిన్ పరీక్షలో అసలు కష్టం యంత్రం దగ్గర కాదు, దోసిలి దగ్గర ఉంది. విషం లారీ అంతటా సమంగా పరుచుకుని ఉండదు. వేల కాయల్లో ఏ ఒక్క కాయలోనో పొంచి ఉంటుంది. పైనున్న నాలుగు టిక్కీల్లోంచి దోసెడు తీసి పరీక్షిస్తే ల్యాబ్ ఎంత ఖరీదైనదైనా చెప్పేది అబద్ధమే. చాలా టిక్కీల్లోంచి, అడుగు నుంచీ నడిమి నుంచీ తీయాలి, అంతా కలిపి పొడి కొట్టాలి, ఆ పొడిలోంచి నమూనా తీయాలి. ఎక్కడ నుంచి తీశావన్న ప్రశ్నకి జవాబు లేకపోతే తర్వాత వచ్చే అంకెకి విలువ లేదు.

టిక్కీలకి నీళ్లు చల్లుతారని మిర్చి రైతుల మీద ఒక నింద ఉంది. తూకం కోసమే అంటారు. కొందరు ఆ పని చేసి ఉండవచ్చు. మా కల్లంలో నీళ్లెందుకు చల్లేవాళ్లమో నాకు తెలుసు. బాగా ఎండిన కాయని ఎండపూట టిక్కీలో తొక్కితే పెటపెటమని విరిగి గింజ రాలిపోతుంది. విరిగిన కాయకి ధర లేదు. అందుకని కాయ మెత్తబడడానికి పలచగా నీళ్లు చిలకరించి తొక్కుతారు. ఆ నెమ్ము కోల్డ్ స్టోరేజీ దాకా, ల్యాబ్ దాకా ప్రయాణం చేస్తుంది. రైతుని దొంగ అన్నంతకాలం ఆ నీళ్లు ఆగవు. కాయ విరక్కుండా మూట కట్టే దారి చూపినప్పుడు ఆగుతాయి. తెల్లవారుజామున, గాలిలో సహజంగా కాస్త తేమ ఉన్న వేళ మూట కట్టడం మా ఊళ్లో కొందరు చేసేవాళ్లు. అట్లాంటి చిన్న మార్పు కోసం వెతికేవాణ్ణే నాణ్యత మనిషి అంటాను నేను.

కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లలో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లను ఈ లెక్కలో ఎవరూ కలపరు. ఘాటుకి దగ్గుతూ, మధ్యాహ్నానికి వేళ్లు మండుతూ తీస్తారు. సాయంత్రం తీసిన కాయల్లో తొడిమలు ఎక్కువ మిగులుతున్నాయని ఒకచోట ఫిర్యాదు వింటే, మధ్యాహ్నం పూట వాళ్ల చేతులు చూడమన్నాను. మండే వేళ్లు కాయని గట్టిగా పట్టుకోలేవు. చేతి తొడుగులూ గాలి ఆడే షెడ్డూ ఇవ్వడం దయ అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది నాణ్యత విభాగం మొదటి ఖర్చు.

మా చెల్లెలి కూతురు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివింది. చదువు పూర్తయిన వేసవిలో మా ఇంటికి వచ్చి అడిగింది. “మామయ్యా, అందరూ హైదరాబాద్ పోయి ఏదో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరమంటున్నారు. గుంటూరు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇందులో ఎదుగుదల ఉంటుందా?”

దానికి అబద్ధం చెప్పదలుచుకోలేదు. “మొదటి జీతం చూస్తే నీ స్నేహితురాళ్ల ముందు చిన్నబుచ్చుకుంటావమ్మా” అన్నాను. “నమూనాలు తీయడం, రాయడం, మళ్లీ తీయడం, మూడేళ్లు ఇదే పని. ప్రొడక్షన్ వాళ్లకి నువ్వంటే గిట్టదు. లోడు వెళ్లే రోజు అందరూ నీ సంతకం కోసం నీ బల్ల చుట్టూ నిలబడతారు. ఆపమని చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నీ పక్కన ఎవరూ ఉండరు.”

అట్లాంటి రోజు నాకు రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఆపాను. ఒకసారి సంతకం పెట్టాను, ఆ లోడు తిరిగి వచ్చింది. రెండోదాని గురించి కూడా ఆ పిల్లకి చెప్పాను.

ఎదుగుదల సంగతి వేరే చెప్పాను. లెక్కలు నేర్చుకుంటే ఈ పనికి హద్దు లేదు. కలకత్తా సంస్థలో నాణ్యత, విశ్వసనీయత మీదే ఎం.టెక్. ఉంది. స్టాటిస్టిక్స్ డిగ్రీ చదివిన పిల్లలు తమకి టీచరు ఉద్యోగం తప్ప దారి లేదనుకుంటారు, ప్రతి ఫ్యాక్టరీలోనూ వాళ్ల కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. మిర్చి ల్యాబ్‌లో నేర్చిన నమూనా విద్య మందుల కంపెనీలో పనికొస్తుంది, మా నూలు మిల్లులో గీసిన షూహార్ట్ పటం కార్ల ఫ్యాక్టరీలోనూ అదే. నాతో చేరిన డిప్లొమా కుర్రాడొకడు నాణ్యత విద్యలో ఇచ్చే రంగుబెల్టుల పరీక్షలన్నీ రాసి ఇప్పుడు గల్ఫ్‌లో పెద్ద ప్లాంటు చూస్తున్నాడు. బెల్టులూ సర్టిఫికెట్లూ సంపాదించుకోమ్మా, తలుపు తెరవడానికి పనికొస్తాయి అన్నాను. లోపలికి వెళ్లాక మాత్రం బూటుకి దుమ్ము అంటనివాళ్లు ఈ పనిలో ఎక్కువకాలం నిలబడడం నేను చూడలేదు.

ఆ పిల్ల గుంటూరు ల్యాబ్‌లో చేరింది. ఈ ఏడు శివరాత్రికి మా ఊరు వచ్చింది, సంచిలో తేమ కొలిచే మీటరు పెట్టుకుని. పక్కింటివాళ్ల కల్లం రేపు మూటకడతారట, చూసి చెప్పమని అడిగారు. మా అమ్మకి ఎనభై దాటాయి, చూపు మందగించింది. కర్ర పట్టుకుని మాతో వచ్చింది.

మనవరాలు కుప్పలో నాలుగు చోట్ల దోసిళ్లు తీసి మీటరు పెట్టింది. పదిన్నర, పది, పదిన్నర, పదకొండు. “ఎండింది అమ్మమ్మా, కట్టెయ్యొచ్చు” అంది. అమ్మ వంగి ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపింది. గింజ గలగలమంది. దాన్ని కింద వేసి, కర్రతో నేల తడుముకుంటూ కల్లం చుట్టూ నడిచింది. పడమటి అంచు దగ్గర ఆగి, కర్ర కొస నేలకి ఆనించి, “ఇది పల్లం కాదుటే?” అంది.

పిల్ల అక్కడ మోకాళ్ల మీద కూర్చుని కుప్ప అడుగు దాకా చెయ్యి పోనిచ్చి కాయలు తీసింది. మీటరు పద్నాలుగు చూపించింది. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం తెరిచి కల్లం ఆకారం గీసింది, పడమటి అంచున ఒక గుర్తు పెట్టి పక్కన 14 అని రాసింది. తర్వాత తల ఎత్తి, “అమ్మమ్మా, ఇంకెక్కడెక్కడ చూడమంటావు?” అని అడిగింది.

అమ్మ అప్పటికే వేపచెట్టు నీడ పడే మూలకి నడుస్తోంది.